కాశీలో వదిలిన ద్రాక్ష

నాసిక్,
అక్టోబరు 6

బావగారికి శంకరం నమస్కారాలు.

ఈ కవరు అందగానే మీరు చేసే పని నాకు తెలుసు. వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, 'వీడికి ఇన్నాళ్ళకు బుద్ధి పుట్టిందా' అని గొణుక్కుంటారు. గొణుక్కోండి. ఆ తర్వాతే కిందికి చదవండి.

అక్క పోయి తొమ్మిది నెలలు కావస్తోంది. ఏటి సూతకంలో ఉన్నారు, ఊరు కదలరు, సరే. పుష్యమాసంలో సంవత్సరీకం అయిపోతుంది కదా. ఆ తర్వాత మీకు అడ్డేమిటి? బడి నుంచి రిటైరై ఏళ్ళయింది. ఇంట్లో మీరు తప్ప మరో మనిషి లేరు. నేనూ ఇక్కడ రిటైరై, పెళ్ళీ పెటాకులూ లేకుండా రెండు గదుల ఇంట్లో గోడలు చూసుకుంటూ కూర్చున్నాను. ఫిబ్రవరిలో నాసిక్ రండి.

ఊరికే రమ్మనడం లేదు. మొత్తం ఆలోచించి పెట్టాను. మొదటి రెండు రోజులూ ఊళ్ళోనే. గోదావరి ఒడ్డున పంచవటి, రామకుండం, రాగి సామాన్లు కొట్టే వీధి. పొద్దున్నే ఇక్కడివాళ్ళు తినే మిసళ్ అని మొలకల కూర ఒకటుంది, ఒట్టి కారం. కళ్ళల్లో నీళ్ళు తెప్పిస్తుంది. తర్వాత చుట్టుపక్కల పల్లెలు. త్ర్యంబకం ఒక రోజు వెళ్ళి వద్దాం. దారిలో అంజనేరి కొండ, కింద నుంచి చూడటమే, ఎక్కమనను. చివర్లో దిండోరి వైపు ఒక చిన్న ద్రాక్షతోట. ఫిబ్రవరిలో కోతలు జరుగుతుంటాయి. తోటలో ఒక వరండా, బల్లలు, కుర్చీలు వేసి ఉంటాయి. అక్కడ కూర్చోబెట్టి వాళ్ళు చేసిన వైన్ రకరకాలు కొద్దికొద్దిగా పోసి రుచి చూపిస్తారు.

ముక్కు మీద వేలేసుకోకండి. ఈ ఆలోచన నాది కాదు, అక్కది. పోయేముందు సంవత్సరం ఫోన్‌లో నేను ఈ తోటల గురించి చెబుతుంటే ఏమందో తెలుసా? "ఒరేయ్, మీ బావనీ నన్నూ ఓసారి తీసుకెళ్ళరా. ఒక్క గుక్క తాగి, ఛీ అని మూతి తుడుచుకుని వచ్చేస్తాం. బరంపురంలో ఎవరికి తెలుస్తుందేటి?" అని పడీపడీ నవ్వింది. మీరు పక్కనే ఉండి ఏమిటా నవ్వు అని కసిరారు కూడా. అక్కకు మాటిచ్చాను, మీ ఇద్దరినీ తీసుకెళ్తానని. ఇప్పుడు మీరొక్కరే మిగిలారు.

జవాబు ఉత్తరం రాయండి. ఫోన్ చేయకండి, నా ఫోన్ సంగతి బాగులేదు. మీ బటన్ల ఫోన్‌కు నేను తెలుగులో ఏం పంపినా డబ్బాలు డబ్బాలుగా వస్తుందని మీరే అన్నారు. కాబట్టి మనకు ఈ తపాలా బంట్రోతే గతి.

మీ
శంకరం


బరంపురం,
అక్టోబరు 19

చిరంజీవి గౌరీశంకర్‌కు, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చదివాను. చదివి పక్కన పెట్టేసి నాలుగు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. ఇప్పుడు కాగితం మీద పోట్లాడుతున్నాను.

మీ అక్క పోయినప్పుడు నువ్వు రాలేదు. పోనీ, ఆ రోజుకు అందలేకపోయావనుకుందాం. పదో రోజుకు రాలేదు. పన్నెండో రోజుకూ రాలేదు. జ్వరమని ఎవరిచేతో కబురు పంపావు. తోడబుట్టినవాడికి జ్వరమట! నీకన్నా ముసలివాళ్ళు పర్లాకిమిడి నుంచి, పలాస నుంచి బస్సుల్లో కుదుపులు తింటూ వచ్చారు. అందరూ నన్నే అడిగారు, శంకరమేడీ, శంకరమేడీ అని. నేనేం చెప్పాలి?

తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేశానో నీకు తెలుసు. మోగుతుంది, మోగుతుంది, ఆగిపోతుంది. బాగులేని ఫోన్ అంత చక్కగా మోగుతుందా? మీ అక్క ఉన్నన్నాళ్ళూ నేను బావని. ఆవిడ పోగానే పరాయివాణ్ణయ్యాను. ఆ మాట నాతో తిన్నగా చెప్తే సరిపోయేది. అది మానేసి సారాకొట్టుకు రమ్మంటున్నావు.

కోపంలో రాస్తున్నాను. కానీ కోపం ఒక్కటే కాదు. ఈ ఇంట్లో మాట లేదు శంకరం. పొద్దున్నే నేను గడ్డం గీసుకుంటుంటే కామేశ్వరి గుమ్మంలో కూర్చుని ఒడియా పేపరు పైకి చదివేది. వార్త ఒడియాలో, దాని మీద తన తీర్పు తెలుగులో. "ఈ మంత్రి మొహం చూడండి, బోర్లించిన బానలా ఉంది" అనేది. నాకు కళ్ళున్నాయి, నేనూ చదువుకోగలను. అయినా ఆ గొంతులోంచి వస్తేనే అది వార్త. ఇప్పుడు పేపరు వస్తోంది, మడత విప్పకుండానే మూలకు చేరుతోంది. ఇంట్లో మనిషి మాట వినపడేది పనికి ఎర్రమ్మ వచ్చినప్పుడే. అది వెళ్ళిపోయాక రేడియో పెడతాను. రేడియో నన్నేమీ అడగదు.

అందుకే నీ ఫోన్ కోసం అన్నిసార్లు ప్రయత్నించాను. నీ గొంతులో మీ అక్క గొంతు కొంచెం ఉంటుంది. అది విందామని.

ఆరోగ్యం చూసుకో.

భానుమూర్తి


నాసిక్,
నవంబరు 2

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడానికి ధైర్యం చాల్లేదు.

రాలేదన్నది నిజం. దానికి నేనేం రాసినా సాకులాగే ఉంటుంది. మీరు ఇక్కడికి వస్తే ఎందుకు రాలేదో నేను చెప్పకుండానే తెలుస్తుంది. ఫోన్ ఎత్తనిది మాత్రం మీ మీద మనసు విరిగి కాదు. అది మోగినప్పుడల్లా మీ పేరు చూస్తూ, ఆగేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చుంటున్నాను. ఇంతకన్నా ఇప్పుడేమీ అడగకండి.

ప్రయాణం సంగతికి వద్దాం. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కి కల్యాణ్‌లో దిగండి. అక్కడికి నేనొస్తాను, మీ పేరు రాసిన అట్ట పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడతాను. అక్కడి నుంచి నాసిక్ బండి ఎక్కుదాం. కిటికీ పక్కన మీరు. కసారా ఘాట్ వస్తుంది, కొండలు చూద్దురుగాని.

వైన్ రుచి చూడటం ఎలాగో కూడా చెబుతాను, వచ్చాక బెదిరిపోకుండా. గ్లాసులో అడుగున కాస్త పోస్తారు. దాన్ని పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. వెలుతురులో పెట్టి రంగు చూడాలి. తర్వాత ముక్కు గ్లాసులో పెట్టి వాసన చూడాలి. సగం పని ముక్కుదేనట. చివర్లో ఒక గుటక నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, కావాలంటే పక్కనున్న గిన్నెలో ఉమ్మేయొచ్చు. డబ్బిచ్చి కొనుక్కుని ఉమ్మేస్తారా అని మీరు అడుగుతారు. అవును, ఉమ్మేస్తారు. నేను చూశాను.

రావడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక్క ముక్క రాయండి. తోటవాళ్ళకు ముందే చెప్పాలి, కోతల రోజుల్లో చోటుండదు.

మీ
శంకరం


బరంపురం,
నవంబరు 20

శంకరానికి, ఆశీస్సులు.

అందరూ ఒకే గిన్నెలో ఉమ్ముతారా, ఎవరి గిన్నె వాళ్ళకు ఉంటుందా? ఆ గిన్నె ఎవరు కడుగుతారు? కడిగిన చేత్తోనే మనకు గ్లాసు అందిస్తారా? మడీ ఆచారం నేనేమంత పట్టించుకోనని నీకు తెలుసు, కానీ ఎంగిలి అనేది ఒకటుందిరా లోకంలో.

ఇంకోటి. అట్ట పట్టుకుని నిలబడతానన్నావు. నిన్ను మా పెళ్ళిలో లాగూతో చూసినవాణ్ణి. మా అత్తగారి వెనక దాక్కుని కాజాలు తినేవాడివి. నీ బావకు నువ్వు అట్ట చూపించాలా? గట్టిగా "బావా" అని ఒక్క కేక వెయ్యి, చాలు. కల్యాణ్ స్టేషన్ మొత్తం వెనక్కి తిరిగినా నేను పట్టించుకోను.

కేక వెయ్యమంటున్నాను కానీ, రావడం కుదిరేలా లేదు. ఈ నెల పెన్షన్‌వాళ్ళకు బతికున్నట్టు కాగితం ఇవ్వాలి. తుఫాను వస్తుందన్నారు, మనవైపు రాలేదు గానీ వానకు వెనక గది గోడ చెమ్మెక్కింది, మేస్త్రీని పిలవాలి. సంవత్సరీకం ఏర్పాట్లు ఉండనే ఉన్నాయి. ఆ తర్వాత మోకాళ్ళు ఎలా ఉంటాయో.

ఎర్రమ్మకు నీ ఉత్తరం సంగతి చెప్పాను. పొడంపేట మనిషి, నోరు ఊరుకోదు. "ఏటి బాబూ, పిలిసినోడుంటే ఎల్లరేటి? నన్నెవుడైనా పిలిస్తే ఈ సీపురు ఇక్కడే పారేసి ఎల్లిపోనా? ఇల్లు నాను సూసుకుంతాను. మీరు కూకుని కూకుని ఆ కుర్సీకే అతుక్కుపోతన్నారు" అంది. అక్కడితో ఆగలేదు. "అమ్మగోరుంటే ఈపాటికి పెట్టె సర్దీసీవోరు" అని, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమింది.

మొత్తం మీద, ఈసారికి నన్ను వదిలెయ్. నువ్వే ఇటు రా. సంవత్సరీకానికి తప్పకుండా రా. ఈ ఒక్కసారి వస్తే జరిగినవన్నీ నేను మర్చిపోతాను.

భానుమూర్తి


నాసిక్,
డిసెంబరు 8

బావగారికి,

పెన్షన్ కాగితం ఒక పూట పని. చెమ్మ గోడ మేస్త్రీది, మీది కాదు. మోకాళ్ళు మీకు నేను పుట్టకముందు నుంచీ నొప్పే. అసలు కారణం ఇవేవీ కావు. మీరు లెక్కల మేష్టారు, జవాబు ముందే వేసేసి పద్ధతి తర్వాత రాస్తున్నారు. ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి.

నేను ఫిబ్రవరి ఆఖరి వారానికి తోటలో చెప్పేశాను. తోటకు వెళ్ళిన రాత్రికి అక్కడే రెండు మంచాల గది. మీరు రాకపోతే నేనొక్కణ్ణే వెళ్ళను.

నా ఆదివారాలు ఎలా గడుస్తాయో మీకెప్పుడూ రాయలేదు. పొద్దున్నే రామకుండానికి వెళ్తాను. స్నానానికి కాదు. మనవాళ్ళు బస్సుల్లో వస్తారు, గోదావరి జిల్లాల నుంచి, శ్రీకాకుళం నుంచి. మెట్ల మీద కూర్చుని తువ్వాళ్ళు పిండుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. నేను వాళ్ళకు దగ్గరగా కూర్చుని వింటాను. కోడలి మీద చాడీలు, బస్సు డ్రైవరు మీద తిట్లు, ఎవరికో పులిహోర దక్కలేదన్న తగువు. ఒక్కోసారి నన్ను దారి అడుగుతారు. చేత్తో చూపిస్తాను. మరాఠీవాణ్ణనుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ బస్సు కదిలాక నేను ఇంటికొచ్చేస్తాను. మళ్ళీ ఆదివారం దాకా తెలుగు ముక్క చెవిన పడదు.

నవ్వొస్తోందా? నవ్వండి. కానీ రండి.

సంవత్సరీకానికి రావాలని నాకూ ఉంది. గట్టిగా మాటివ్వలేను.

శంకరం


బరంపురం,
జనవరి 21

గౌరీశంకర్‌కు,

మీ అక్క సంవత్సరీకం నిన్నటితో అయింది. నువ్వు రాలేదు.

భోక్తలు కూర్చున్నాక కూడా నేను వీధి గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. ఆటో ఆగిన చప్పుడైతే చాలు, మంత్రం తప్పాను. పురోహితులుగారు రెండుసార్లు నాచేత తిరిగి చెప్పించారు. భోజనాలయ్యాయి, విస్తళ్ళు తీశారు, అందరూ వెళ్ళిపోయారు. నీ వంతు గారెలు ఎర్రమ్మ పట్టుకెళ్ళింది.

సరే. అసలు కారణం చెప్పమన్నావు కదా, చెప్పేస్తాను. ఇక మన మధ్య దాపరికం ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

నేను రిటైరైన ఏడు మేమిద్దరం కాశీ వెళ్ళాం. గంగలో మోకాలు లోతున నిలబడి ఉండగా అక్కడి పంతులు, ఇష్టమైన పండు ఒకటి ఇక్కడ వదిలెయ్యండి, ఇక ఈ జన్మలో ముట్టకూడదు అన్నాడు. నేను ఒక్క క్షణం ఆలోచించకుండా ద్రాక్ష అన్నాను. మనకు ఇక్కడ దొరికేది పులుపు, కొనేది ఎప్పుడో. మీ అక్క పనసపండు వదిలేసింది. పనసంటే దానికి ప్రాణమని నీకు తెలుసు. ఒడ్డుకొచ్చి చీర పిండుకుంటూ, "గంగమ్మతో కూడా బేరమాడారండీ మీరు" అని నవ్వింది. ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ నాకోసం పనసకాయ తెచ్చి, చేతులకు నూనె రాసుకుని, తొనలన్నీ తనే వలిచి పెట్టేది. ఒక్కటీ నోట్లో వేసుకునేది కాదు. వేళ్ళు మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. నేను చూస్తే, "వాసన చూడొద్దని గంగమ్మ చెప్పలేదు కదండీ" అనేది.

ద్రాక్ష అంటే నాకు ఆ రోజు ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. మేమిద్దరం చేయి చేయి పట్టుకుని ఆడిన చివరి మాట అది. దాని వాటా అది చచ్చేదాకా నిలబెట్టుకుంది. నా వాటా నేను నీ వరండాలో కూర్చుని గ్లాసులో పోసుకుని తాగెయ్యాలా? అదీ తెంచుకుంటే నాకూ దానికీ మధ్య ఇంకేం మిగులుతుంది?

పండు వదిలితే రసం కూడా వదిలినట్టేనా అని నిన్న తాంబూలాల వేళ పురోహితులుగారిని అడిగాను. ఏ రసం అన్నారు. చెప్పాను. "ఏటండీ మేష్టారూ, ఆబ్దికం పూటా ఈ సందేహం!" అని చెవులు మూసుకున్నారు.

ఇదీ సంగతి. నీ మీద కోపం లేదు, కోపగించుకునే ఓపిక కూడా లేదు. మీ అక్కతోనే చుట్టరికం పోయిందనుకుంటాను. ఇక ఉత్తరాలు వద్దు.

భానుమూర్తి


నాసిక్,
జనవరి 30

బావా,

వద్దన్నా రాస్తున్నాను. ఈ ఒక్కటీ చదివి ఆ తర్వాత చించెయ్యండి.

నాకు మాట లేదు బావా.

నిరుడు ఆ చలికాలంలో గొంతు బొంగురుపోయిందని డాక్టరు దగ్గరకు వెళ్ళాను. పుండు అన్నారు, తర్వాత దాని అసలు పేరు చెప్పారు. స్వరపేటిక మొత్తం తీసేశారు. అక్క పోయిన కబురు వచ్చినప్పుడు నేను ఆసుపత్రి మంచం మీద, మెడ చుట్టూ గొట్టాలతో ఉన్నాను. నర్సు పలక తెచ్చిస్తే, జ్వరమని చెప్పమని రాశాను. మీరు అక్కకు కొరివి పెట్టి వచ్చి కూర్చున్న మనిషి. అప్పుడు మీకు నా సంగతి కూడా చెప్పమంటారా? ఆ తర్వాత చెబుదామనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నా గొంతులో అక్క గొంతు ఉంటుందని మీరు రాశాక అసలే చేతకాలేదు.

మొన్న సంవత్సరీకానికి టిక్కెట్టు తీసుకున్నాను. బయల్దేరే ముందు మెడ దగ్గర పుండు తిరగబెట్టి మళ్ళీ ఆసుపత్రిలో పడేశారు. ఇప్పుడు బాగానే ఉంది. మీరు చూసి భయపడకుండా ముందే చెబుతున్నాను, మెడ ముందు చిన్న రంధ్రం ఉంటుంది, దాని మీద గుడ్డ కట్టుకుంటాను. ఊపిరంతా అందులోంచే. ముక్కుతో గాలి పీల్చను కనక వాసనలు తెలియవు. వాసన పోయేసరికి రుచి కూడా చాలావరకు పోయింది. కాఫీ వేడిగా ఉందో లేదో మాత్రం తెలుస్తుంది.

మరి వైన్ ఎందుకురా అంటారు. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఆలోచిస్తుంటే, అక్క నవ్విన ఆఖరి నవ్వు అదే గుర్తొచ్చింది. మిమ్మల్ని ఏదో ఒకటి చెప్పి ఇక్కడికి రప్పించాలనిపించింది. ఆసుపత్రి పేరు చెబితే మీరు జాలితో వస్తారు. జాలితో వద్దు, షికారుకు రావాలనుకున్నాను. ఒక్క గుటక తాగొచ్చా అని డాక్టరును రాసి అడిగాను. ఒక్క గుటకకు ఒప్పుకున్నాడు.

కాశీ మాట మీరు తప్పక్కర్లేదు. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, అక్కే చెప్పింది. వాసన చూడొద్దని గంగమ్మ చెప్పలేదు. నాకు ముక్కు లేదు, మీకు నోరు లేదు. మీరు వాసన చూసి చెప్పండి, నేను గుటక వేస్తాను. ఇద్దరం కలిపి ఒక్క మనిషికి సరిపోతాం.

నాకు భయంగా ఉంది బావా. ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను. రండి.

శంకరం


బరంపురం,
ఫిబ్రవరి 7

ఒరేయ్ శంకరం,

వస్తున్నాను. పద్దెనిమిదో తారీఖు బండికి టిక్కెట్టు దొరికింది.

ఎంత మాటన్నాను నిన్ను. చుట్టరికం పోయిందని రాశాను. ఆ మాట మీద ఒక గీత గీసెయ్, గట్టిగా గియ్యి. నీ ఉత్తరం చదివి వంటింట్లో పీట మీద కూర్చుండిపోయాను. ఎర్రమ్మ వచ్చి చూసి బెదిరిపోయింది. విషయం చెప్పాను. చేతిలో చీపురు అక్కడే పారేసింది. తర్వాత పెట్టె దించి దుమ్ము దులిపి, "అప్పడాలు అట్టుకెల్లండి బాబూ. రుసి తెలకపోయినా నోట్లో ఇరిగినప్పుడు సప్పుడవుద్ది కదా" అంది. కాబట్టి అప్పడాలు తెస్తున్నాను. పెట్టెలో సగం అవే.

అట్ట అక్కర్లేదు. నువ్వు కదలకుండా నిలబడు చాలు. కేక నేను వేస్తాను.

బావ


ద్రాక్షతోట, దిండోరి దగ్గర
బల్లకు అటువైపు నుంచి

బావా,

మీరు నోటితో చెబితే నాకు వినపడుతుంది, నిజమే. కానీ రాయండి. మాట గాలికి పోతుంది. కాగితం మీరు వెళ్ళాక నా దగ్గర ఉంటుంది. మొదటి గ్లాసు, తెల్లది. ముక్కు లోపలికి పెట్టాలి. ఇంకా లోపలికి. మీ కళ్ళజోడు తడిసింది.

శంకరం


అక్కడే
బల్లకు ఇటువైపు నుంచి

శంకరానికి,

వెనక బల్ల దగ్గర అమ్మాయిలు నన్ను చూసి నవ్వుతున్నారు. నవ్వనీ.

తెల్లది: పచ్చి మామిడికాయ చెక్కు తీస్తున్నప్పటి వాసన. ఆవకాయకు కాదు, పప్పులోకి. వెనకాల కొంచెం తడి సున్నపు గోడ. మా వెనక గది గుర్తొచ్చింది, మేస్త్రీ ఇంకా రాలేదు. ఇంకొంచెం నిమ్మాకు. ఇప్పుడు నువ్వు నోట్లో పోసుకుని, నేను రాసింది చదువుతూ మింగు.

ఎర్రది: ఇది వేరు. నేరేడుపళ్ళు, బాగా పండి రాలినవి. నేను పాఠాలు చెప్పిన చికిటి బడి వెనక చెట్టు కింద నేల అలా ఉండేది, పిల్లల చొక్కాలన్నీ ఊదా మరకలు. తర్వాత లవంగం. ఆ తర్వాత ఇంకేదో ఉంది, తెలిసిందే, పేరు దొరకడం లేదు. ఆగు.

దొరికింది. మీ అక్క పట్టుచీర పెట్టె. బరంపురం పట్టు మడత విప్పినప్పుడు వచ్చే వాసన, చెక్కపెట్టె, పాత పట్టు, కొంచెం ఆవిడ. ఇక రాయలేను. నువ్వు తాగు.

బావ


బల్లకు అటువైపు నుంచి

తాగాను. డాక్టరు చెప్పిన గుటక అయిపోయింది. బావా, నాలుక చివర కొంచెం పులుపు తగిలింది. నిజంగా తగిలిందో, మీ నేరేడుపళ్ళ వల్ల అనిపించిందో తెలియదు. ఏదైనా నాకు చాలు.

ఏడవకండి. ఆ అమ్మాయిలు మీకు ఎక్కువైందనుకుంటున్నారు. ముట్టుకోనైనా లేదని నేను చెప్పలేను కదా.

శంకరం


బరంపురం,
మార్చి 9

శంకరానికి, ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. రాగి చెంబు చూసి ఎర్రమ్మ మురిసిపోయింది. తోటకు వెళ్ళిన సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదు. మీ అక్క చెప్పినట్టే, బరంపురంలో ఎవరికీ తెలియలేదు.

ఇల్లు మాత్రం వెళ్ళేముందు కన్నా ఖాళీగా ఉంది. నీ దగ్గర వారం రోజులు ఉన్నాను, నువ్వు ఒక్క ముక్క మాట్లాడలేదు. అయినా ఆ వారం అంతా ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉంది. రాత్రి నువ్వు పక్క మంచం మీద దొర్లితే తెలిసేది. ఇక్కడికొచ్చి తాళం తీశాక రేడియో కూడా పెట్టబుద్ధి కాలేదు.

బండిలో ఒక ఆలోచన వచ్చింది. నాకు వినే మనిషి కావాలి, నీకు తెలుగు కావాలి. అంతకన్నా పెద్ద లెక్కేమీ కాదిది, నాకే ఇన్నాళ్ళు తట్టలేదు. ఈ ఉత్తరం నీకు అందాక, ఇరవయ్యో తారీఖు నుంచి సాయంత్రం దీపాలు పెట్టాక నీకు ఫోన్ చేస్తాను. ఎత్తు. పేపరు మడత విప్పి వార్తలు పైకి చదువుతాను, ఒడియాలో చదివి తెలుగులో తిడతాను. మీ అక్క అంత బాగా చదవలేను. నువ్వు పక్కన గ్లాసూ చెంచా పెట్టుకో. వింటున్నావని అప్పుడప్పుడు గ్లాసు మీద తట్టు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు.

బావ


నాసిక్,
మార్చి 27

బావగారికి నమస్కారాలు.

రోజూ వింటున్నాను. మీ ఒడియా అక్క ఒడియా కన్నా బాగుంది, తిట్లు మాత్రం ఆవిడవే బాగుండేవి. పేపర్లో చదివిన ఆ కొడల ఊరి గేదెల దొంగతనం ఏమైందో మీరు మర్నాడు చెప్పనేలేదు. గ్లాసు మీద ఎంత తట్టినా మీకు అర్థం కాలేదు, అందుకే రాసి అడుగుతున్నాను.

ఆదివారం రామకుండానికి వెళ్ళడం మానేశాను. సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను. అక్కడే వచ్చింది చిక్కు. నిన్న మీరు చివరి పేజీ దాకా చదివి, "ఉంటానురా" అని పెట్టేశారు. నేను రెండుసార్లు తట్టాను, వద్దని. అప్పటికే లైను తెగిపోయింది. తెలిసి కూడా కాసేపు తడుతూనే కూర్చున్నాను.

అందుకని ఒక్క మాట. వార్తలు అయిపోయాక మీరింకేమీ మాట్లాడక్కర్లేదు. ఫోన్ పెట్టెయ్యకుండా వంటింటి గట్టు మీద ఉంచి మీ పని మీరు చేసుకోండి. కుక్కర్ కూత, ఎర్రమ్మ గిన్నెలు, మీ చెప్పుల చప్పుడు, ఏదైనా సరే. ఆ ఇంటి చప్పుడు వింటూ నేనిక్కడ అన్నం తింటాను.

మీ
శంకరం